కరిచే బల్ల

మౌంట్ నీబో చర్చి కింది హాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం చేపల విందు ఉంటుంది. ఆరు బల్లలు, చుట్టూ మడత కుర్చీలు, బల్లల మీద గళ్ల ప్లాస్టిక్ గుడ్డలు. గోడవారగా హీటరు పక్కన వేసే ఆరో బల్లకి కరిచే గుణం ఉందని ఆడవాళ్లందరూ కలిసి తీర్మానించారు. కూర్చునేటప్పుడో లేచేటప్పుడో దాని అంచుకి ఏదో తగులుకుని మేజోళ్లు చిరుగుతాయి, గౌను పోగులు లేస్తాయి. దాన్ని చేసిన డీకన్ లెమ్యూల్‌కి ఎన్నిసార్లు చెప్పినా "వచ్చే వారం చూస్తానమ్మా" అంటాడు. చర్చి పెద్దల్లో వడ్రంగం వచ్చినవాడు ఆయనొక్కడే కనక ఆ వచ్చే వారం కోసం అందరూ కాచుకుని కూర్చోవలసిందే. చివరికి ఆయన చేసిందల్లా ఆ చోట ఒక పాత గుడ్డ చుట్టి వదిలెయ్యడం.

ఒడెస్సా ప్రూయిట్ మాత్రం ఎప్పుడూ ఆ బల్ల దగ్గరే కూర్చునేది. అరవై ఒక్క ఏళ్ల మనిషి. బడిలో పిల్లలకి వండి వడ్డించే ఉద్యోగం. భర్త పోయి ఏడేళ్లు. ఆవిడకి హీటరు కావాలి. ఎడమకాలి చివరి రెండు వేళ్లు మొద్దుబారిపోయి పద్నాలుగు నెలలైంది. గుండుసూది గుచ్చినా తెలియదు.

"మళ్లీ దాని దగ్గరికేనా అక్కా?" అనేది చెల్లెలు వెర్నెల్. "ఆ బల్లకి నువ్వు మేజోళ్ల బాకీ ఏమన్నా ఉన్నావా?"

ఒడెస్సా నవ్వేది కాదు. కోప్పడేదీ కాదు. ఆ పద్నాలుగు నెలల్లో ఆవిడ అలాగే తయారైంది. పలకరిస్తే పలికేది, పెడితే తినేది.

పద్నాలుగు నెలల కిందటి ఆ ఫిబ్రవరి ఉదయం సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఇంకా ఆరు కాలేదు. జిల్లా పోలీసు అధికారి షెరీఫ్ మనుషులు ఏడుగురు సోదా వారెంటు పట్టుకుని వచ్చారు. వారెంటులో ఉన్న ఇంటి నంబరు నాలుగు వందల పద్దెనిమిది. వాళ్లు దూరింది నాలుగు వందల ఎనభై ఒకటిలోకి. ఒడెస్సా మంచం మీద లేచి కూర్చునేలోగా ముందు గదిలో తలుపు పెళపెళమని విరిగింది. చేతులు వెనక్కి విరిచి ప్లాస్టిక్ పట్టీ బిగించి, వంటిమీదున్న నైటీతోనే, చెప్పుల్లేని కాళ్లతో, ఆవిణ్ణి వాకిట మెట్ల మీద మంచులో కూర్చోబెట్టారు. నలభై నిమిషాలు. వీధి వీధంతా కిటికీ తెరలు తప్పించి చూసింది. ఆ ఏడుగురిలో ఒకడు కోల్బీ రైస్. చిన్నప్పుడు బడిలో ఆరేళ్లపాటు ఒడెస్సా చేతి అన్నం తిన్నవాడు. మొక్కజొన్న రొట్టె ఇంకొకటి కావాలని రోజూ పళ్లెం చాపేవాడు. వాడు ఆవిణ్ణి గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, మొహం అటు తిప్పుకున్నాడు.

ఇల్లు తప్పని తెలిశాక పట్టీ కోసి, "క్షమించండి మేడం" అని ఒక కాగితం ముక్క చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఇక్కడే మనవాళ్లు చెయ్యవలసింది చేశారు. మౌంట్ నీబోలో ఒక పద్ధతి ఉంది. తాతల నాడు అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లంటే గిట్టని తెల్లవాళ్లు వచ్చి ఇళ్లు పాడుచేసి పోయేవాళ్లు. మర్నాడు అదే దారిన గుర్రాల మీద వెళ్తూ తాము చేసిన ఘనకార్యం చూసుకుని మురిసేవాళ్లు. ఆ ముచ్చట వాళ్లకి తీరనివ్వకూడదని మన పెద్దలు ఒక నియమం పెట్టుకున్నారు. విరిగిన ఇల్లు విరిగినట్టే ఉండగా ఆ రోజు పొద్దు గూకకూడదు. ఉత్తరాదికి వలస వచ్చి, ఈ మిషిగన్ మంచులో స్థిరపడి, గుర్రాలు పోయి కార్లు వచ్చినా ఆ నియమం పోలేదు. పదింటికల్లా డీకన్ లెమ్యూల్ నలుగురు మగవాళ్లని వెంటేసుకుని వచ్చాడు. చీలిన ద్వారబంధం ఊడబెరికి కొత్తది దిగ్గొట్టారు. కొత్త తలుపు బిగించి తెల్లరంగు వేశారు. ఆడవాళ్లు నేల మీద బూటుల బురద కడిగారు, సొరుగులు సర్దారు. ఎవరూ ఒక్క ఫొటో తియ్యలేదు. అవమానాన్ని ఫొటో తీసుకోవడం మా ఇళ్లల్లో లేదు. సాయంత్రానికి ఇల్లు పెళ్లివారి ఇల్లులా ఉంది, ఒడెస్సా కాళ్లు మాత్రం వేడినీళ్ల బేసిన్లో పెట్టినా వేడెక్కలేదు.

నెల తరవాత లాయరు రెనాటా కొవాల్చిక్ ఆ ఇంటికొచ్చి, మెరిసిపోతున్న తెల్లటి తలుపు చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"పాత తలుపేదండీ?"

"మా చర్చివాళ్లు తీసుకుపోయారు. చెత్తలో వేసుంటారు."

"ద్వారబంధం?"

"అదీ పోయుంటుంది."

రెనాటా కొత్త ద్వారబంధాన్ని వేలితో తడిమి చూసింది. పోలిష్ అమ్మాయి, నలభై దాటలేదు, మాట కటువు, మనసు మంచిది. చివరికి అంది: "మీవాళ్లకి మీరంటే ఎంత ప్రేమో నాకర్థమైంది. ఆ ప్రేమతోటే మన కేసు సగం కడిగేశారు ఒడెస్సా గారూ."

కేసు ఫెడరల్ కోర్టులో వేశారు. ఒకే తలుపుకి రెండు ఫిర్యాదులు. ఒకటి దేశ రాజ్యాంగం కింద, ఇంకొకటి మిషిగన్ రాజ్యాంగం కింద. షెరీఫ్ మనుషులు ప్రమాణం చేసి చెప్పిన మాట ఒక్కటే. మేం తట్టాం, ఎవరమో చెప్పుకున్నాం, ఆవిడే తాళం తిప్పి తలుపు తీసి లోపలికి రమ్మంది, నంబరు పొరపాటు నిజాయితీగా జరిగింది. ఆ మాట అన్నవాళ్లలో మొదటివాడు కోల్బీ రైస్.

వాంగ్మూలం రోజున జిల్లా తరఫు లాయరు, నెత్తి మీద నాలుగు వెంట్రుకలు అడ్డంగా దువ్వుకున్న పెద్దమనిషి, తియ్యటి గొంతుతో అడిగాడు.

"తలుపు విరిగిందంటున్నారు. ఏదీ ఆ తలుపు?"

"లేదు."

"ఫొటో?"

"లేదు."

"చూసినవాళ్లు?"

"మా వీధివాళ్లు. అందరూ మా చర్చివాళ్లే."

"మీ చర్చివాళ్లు. మీతో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు." ఆయన కాగితం తిప్పాడు. "నిద్రమత్తులో మీరే తీసి మర్చిపోయారేమో?"

ఒడెస్సాకి చెప్పవలసినవి చాలా ఉన్నాయి. "నేను తియ్యలేదు" అంది. ఇంకో నాలుగు రకాలుగా అదే అడిగితే నాలుగుసార్లూ అదే అంది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. బయటికొచ్చాక వెర్నెల్ తల కొట్టుకుంది.

"అంత నిదానంగా చెప్తే ఎవడు నమ్ముతాడక్కా? రైలు టైము చెప్పినట్టు చెప్పావ్!"

"లోపల ఏమన్నా ఉంటే కదే, బయటికి రావడానికి."

అది నిజం. నలభై నిమిషాల చలి కాలివేళ్ల దగ్గర ఆగలేదు. ఆవిడ రోజూ అయిదున్నరకే లేచి, కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, లేసులు ముడేసుకుని, ముందు గదిలో తెల్లటి తలుపుకి ఎదురుగా కుర్చీలో కూర్చునేది. ఏడింటిదాకా. మళ్లీ వాళ్లొస్తే ఈసారి కాళ్లకి బూట్లుండాలి. అంతకు మించి ఆలోచన లేదు. ఈ సంగతి వెర్నెల్‌కి ఒక్కదానికే తెలుసు. తన దగ్గరున్న తాళంచెవితో ఒకరోజు పెందలాడే లోపలికొచ్చి చూసి, తెచ్చిన పాలసీసా అక్కడే పెట్టి, కిక్కురుమనకుండా వెళ్లిపోయింది. వెర్నెల్ కిక్కురుమనకుండా వెళ్లడం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు.

ఏడాది దాటాక ఫెడరల్ జడ్జి తీర్పు వచ్చింది. రెనాటా ఫోనులో చెప్పింది. "దేశ రాజ్యాంగం కింద ఫిర్యాదు కొట్టేశారు. నిజాయితీగా ఇల్లు తప్పామన్నారు కాబట్టి, సరిగ్గా ఇలాంటి పనే తప్పని ముందు ఏ కోర్టూ తేల్చి చెప్పలేదు కాబట్టి, వాళ్లకి రక్షణ ఉందట."

"అంటే, ముందు ఎవరింట్లోనో ఇలాగే జరిగుండాలా?"

"జరిగి, ఎవరో గెలిచుండాలి."

"మరి ఆ ముందువాళ్లకి ఇంకా ముందెవరు?"

ఆ లెక్క ఎక్కడా మొదలవదు, నన్నడిగితే. "రాష్ట్ర రాజ్యాంగం ఫిర్యాదు మిగిలింది" అంది రెనాటా. "దాన్ని ఇక్కడ జిల్లా కోర్టులో వేస్తాను. అక్కడ ఆ రక్షణ వాళ్లకి లేదు. కానీ అక్కడ అంతా ఒక్క ప్రశ్న మీదే ఉంటుంది. మీరు తీశారా, వాళ్లు విరగ్గొట్టారా?"

కొత్త కేసు వెయ్యగానే జిల్లావాళ్లు రాజీ కాగితం పంపించారు. కొంత సొమ్ము ఇస్తారు. ఏ తప్పూ ఒప్పుకోరు. ఆవిడ ఇంకెప్పుడూ తలుపు విరగ్గొట్టారని బయట అనకూడదు. సోమవారంలోగా సంతకం పెట్టాలి.

ఒడెస్సాకి సొమ్ము సంగతి పట్టలేదు. ఆవిడ కావాలనుకున్నది చాలా చిన్నది. ఎవరో ఒక జడ్జి, ఏదో ఒక రాజ్యాంగం కింద, ఆవిడ తలుపు ఆవిడ తియ్యలేదని కాగితం మీద రాయాలి. అబద్ధాలకోరుగా చచ్చిపోకూడదు. కానీ అలా కావాలనుకోవడానికి కూడా ఒంట్లో కాస్త వేడి ఉండాలి. శుక్రవారం నాటికి ఆ వేడి అయిపోయింది.

"సంతకం పెట్టేస్తానే" అంది చెల్లెలితో, చర్చి మెట్లు దిగుతూ. "కాగితం సంచిలోనే ఉంది."

"పెట్టెయ్. కాస్త పైకప్పు బాగుచేయించుకో" అంది వెర్నెల్, గొంతులో పైకప్పు మీద ఏ ఆసక్తీ లేకుండా.

కింద నూనె సలసలా కాగుతోంది. మొక్కజొన్న పిండి పట్టించిన చేప ముక్కలు, క్యాబేజీ తురుము, కారం సీసాలు. ఒడెస్సా మామూలుగానే ఆరో బల్ల దగ్గర, హీటరు వైపు కూర్చుంది. తింది. రుచి తెలియలేదు. లేవబోయేసరికి బల్ల కరిచింది.

"అయిపోయింది, ఇంకో జత!" అంది వెర్నెల్. "లెమ్యూల్ అన్నయ్యా! నీ కుక్కని కట్టెయ్యి!"

ఒడెస్సా ఒంగి మేజోడు విడిపించుకోబోయింది. చుట్టిన గుడ్డ జారిపోయి ఉంది. బల్ల అంచులోంచి బొటనవేలంత ఇత్తడి ముక్క బయటికి పొడుచుకొచ్చి, పైకి వంగి ఉంది. తాళం గడియ. ఆవిడ దాన్ని పట్టుకునే ఉండిపోయింది. తరవాత మోకాళ్ల మీదికి దిగి బల్ల కిందికి చూసింది. వంకాయ రంగు.

ఆ రంగు ఊళ్లో ఇంకెవరి తలుపుకీ లేదు. భర్త క్లీయోఫస్ స్వయంగా కలిపిన రంగు. ఊరంతా నవ్వితే, "నా ఇల్లు నాకు దూరం నుంచే తెలియాలి" అన్నాడు. ఆ రంగు మధ్యలో, తాళానికి జానెడు దూరంలో, బూటు అడుగు అచ్చు పడి ఉంది, గళ్లు గళ్లుగా. చెక్క అక్కడ లోపలికి నలిగింది. పద్నాలుగు నెలలు ఆవిడ తన తలుపు మీద చేపలు తింది.

"అక్కా? ఏం పోగొట్టుకున్నావ్?"

"తలుపు" అంది ఒడెస్సా కింది నుంచే.

లెమ్యూల్ వచ్చాడు. డెబ్బయి నాలుగేళ్లు, బల్లంత మనిషి. ఆవిడ అడగకముందే టోపీ తీసేశాడు.

"మంచి ఓకు చెక్క చెల్లెమ్మా. పారెయ్యబుద్ధి కాలేదు. నీకు కనపడితే బాధపడతావని ఆ మొహం కిందికి తిప్పి బిగించాను. గడియ వెనక్కి పోలేదు, వంగి ఇరుక్కుపోయింది. కోసేద్దామనే అనుకున్నా."

"వచ్చే వారం" అంది వెర్నెల్.

"ఎందుకు చెప్పలేదన్నయ్యా?" అంది ఒడెస్సా.

"ఎవరూ అడగలేదమ్మా. విరిగింది అందరికీ తెలిసిందే కదా, దాన్ని మళ్లీ ఎవరికో చూపించాలని నాకేం తెలుసు?" ఆయన చేతుల్లో టోపీ నలిగిపోతోంది. "నీ ఇల్లు బాగుచేశాననుకున్నా. నీ నోటి మాట తీసుకెళ్లి ఇక్కడ పడేశానా?"

ఒడెస్సా లేవడానికి చెయ్యి చాపింది. ఆయన పట్టుకున్నాడు. "ఇక దాన్ని కొయ్యకు" అంది ఆవిడ. సంచిలో కాగితం అలాగే ఉంది, సంతకం లేకుండా.

అక్టోబరులో విచారణ. నలుగురు డీకన్లు ఆదివారం సూట్లు వేసుకుని తలుపుని శవపేటికలా భుజాల మీద మోసుకుని జిల్లా కోర్టులోకి తెచ్చారు. వెనకవైపు పద్నాలుగు నెలల నూనె జిడ్డు, కారం మరకలు. హాలంతా చేపల వాసన. అడ్డదువ్వు లాయరు మొదట వాసన మీద అభ్యంతరం చెప్పాడు, తరవాత తలుపు మీద. జడ్జి తలుపుని ఉంచమని కిటికీ తెరిపించింది.

లెమ్యూల్‌ని ఆ లాయరు గట్టిగానే పట్టుకున్నాడు.

"నేరం జరిగిందంటున్న చోటుని, అదే రోజు, రూపురేఖలు లేకుండా చేసింది మీరే కదా?"

"అయ్యా, మేం ఇల్లు బాగుచేశాం."

"ఈ గడియ మీ చర్చిలో వంగి ఉండొచ్చు. ఈ బూటు మచ్చ మీ చర్చిలో పడి ఉండొచ్చు."

"మచ్చ బల్ల అడుగున ఉందండీ."

"అయితే? ఎవరో కింద నుంచి తన్ని ఉండొచ్చు."

లెమ్యూల్ నిజంగానే ఆలోచించాడు. "మా చర్చిలో అంత కిందికి ఒంగి, మళ్లీ లేవగలిగినవాళ్లు ఎవరూ లేరయ్యా."

జ్యూరీ నవ్వింది. జడ్జి దగ్గింది. వెర్నెల్ రుమాలు నోట్లో కుక్కుకుంది. ఒడెస్సా మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

తరవాత కోల్బీ రైస్ వచ్చి కూర్చున్నాడు. మనిషి లావెక్కాడు. రెనాటా లేచింది.

"ఆవిడ తాళం తిప్పి తలుపు తీసిందని ప్రమాణం చేసి చెప్పారు. మీరు చూశారా?"

"చప్పుడు విన్నాను."

"దయచేసి లేచి, ఈ తాళం తిప్పండి."

అతను లేచాడు. తలుపు దగ్గరికొచ్చి ఇత్తడి పిడి పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. గడియ బయటికొచ్చింది వచ్చినట్టే, వంగింది వంగినట్టే ఉండిపోయింది. తాళం వేసి ఉన్న తలుపుని తంతే తప్ప అలా వంగదని ఆ హాల్లో ఉన్న ప్రతి మనిషికీ తెలిసిపోయింది. కోల్బీ పిడి వదల్లేదు. తలుపు మీదుగా ఒడెస్సా వైపు చూశాడు. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"గట్టిగా తిప్పనా?" అన్నాడు, ఎవర్ని అడుగుతున్నాడో తెలియకుండా.

"చాలు" అంది రెనాటా.

చివరగా ఒడెస్సాని పిలిచారు. రెనాటా ఒకే ప్రశ్న అడిగింది. ఒడెస్సా వాంగ్మూలంలో అన్న మాటే, అదే గొంతుతో అంది. "నేను తియ్యలేదు." ఈసారి పక్కన తలుపుంది.

జ్యూరీ భోజనం చేసి, గంటన్నరలో తిరిగొచ్చింది. కాగితం మీద మొదటి ప్రశ్న: షెరీఫ్ మనుషులు శ్రీమతి ప్రూయిట్ తలుపుని బలవంతంగా తెరిచారా? అవును. రెండో ప్రశ్న: మిషిగన్ రాజ్యాంగం ఆవిడకిచ్చిన హక్కుని జిల్లా ఉల్లంఘించిందా? అవును. ఇంకా ఏవో ప్రశ్నలు, అంకెలు చదివారు. ఒడెస్సా ఆ రెండు అవునుల తరవాత వినలేదు.

వెర్నెల్ బావురుమంది. లెమ్యూల్ బెంచీ మీద కూలబడి టోపీలో మొహం దాచుకున్నాడు. రెనాటా ఆవిణ్ణి కావలించుకుంది, అసలు కావలించుకునే మనిషి కాకపోయినా. అందరూ ఒడెస్సా మొహంలోకి చూశారు. ఆవిడ అందరికీ మర్యాదగా థాంక్స్ చెప్పింది. తనకేమైనా అనిపిస్తుందేమోనని కారు దాకా వెళ్లేవరకూ ఎదురుచూసింది. చలిగా ఉందనిపించింది, అంతే.

మర్నాడు వెర్నెల్ ఆరింటికే కేకు తీసుకుని వచ్చింది. తాళంచెవితో తలుపు తీసి, "గెలిచిన మా అక్కకి" అని పాట మొదలుపెట్టి ఆగిపోయింది. ఒడెస్సా కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, లేసులు గట్టిగా ముడేసుకుని, తలుపుకి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో జ్యూరీ కాగితం నకలుంది.

"అక్కా! గెలిచాం కదే. ఇంకా బూట్లెందుకు?"

ఒడెస్సా కాగితం వంక చూసింది, తరవాత కాళ్ల వంక చూసింది.

"నాకు తెలుసే గెలిచామని. నా కాళ్లకే ఇంకా తెలీదు."

వెర్నెల్ కేకు నేల మీద పెట్టి, వంటింట్లోంచి ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి అక్క పక్కన వేసుకుంది. తన కోటు విప్పలేదు. ఇద్దరూ ఏడయ్యేదాకా అలాగే తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.